చట్టం ఎంత, సంతకం ఎంత: హెచ్‌-1బి చుట్టూ అమెరికా రాజకీయం

2025 సెప్టెంబర్ 21, ఆదివారం. ఆ రోజు పెత్తరమాస. తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ. మన గడియారంలో ఉదయం 9 గంటల 31 నిమిషాలైనప్పుడు అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి దాటి ఒక్క నిమిషం. సరిగ్గా ఆ నిమిషం నుంచి, విదేశాల నుంచి హెచ్‌-1బి (విదేశీ నిపుణులకిచ్చే ఉద్యోగ వీసా) మీద కొత్తగా ఎవరిని తెచ్చుకోవాలన్నా కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న అధ్యక్ష ప్రకటన అమల్లోకి వచ్చింది. అప్పటి రేటు ప్రకారం దాదాపు 88 లక్షల రూపాయలు.

ట్రంప్ దాని మీద సంతకం చేసింది 19వ తేదీ శుక్రవారం. అమలుకు మధ్యలో రెండు రోజులు కూడా లేవు. సంతకం రోజునే వాణిజ్య మంత్రి హోవర్డ్ లట్నిక్ ఈ డబ్బు ఏటా కట్టాల్సి ఉంటుందన్నట్టు మాట్లాడారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తిస్తుందా లేదా అన్నది ఎవరికీ తెలియదు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటి కంపెనీల నుంచి ఉద్యోగులకు మెయిళ్లు వెళ్లాయి: అమెరికాలో ఉన్నవాళ్లు దేశం దాటొద్దు, బయట ఉన్నవాళ్లు గడువులోపు వచ్చేయండి. దసరాకు ఇంటికొచ్చినవాళ్లు బ్యాగులు విప్పకుండానే తిరుగు టికెట్లు వెతుక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుబాయ్ విమానం ఎక్కి కూర్చున్న కొందరు వార్త చూసి దిగిపోయారు. ఫీజు ఒక్కసారే కట్టాలని, కొత్త పిటిషన్లకే వర్తిస్తుందని, వీసా చేతిలో ఉన్నవాళ్లు మామూలుగానే వచ్చిపోవచ్చని శనివారం వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ కరోలిన్ లెవిట్ చెప్పారు. అప్పటికే చాలామంది టికెట్లు కొనేశారు, ప్రయాణాలు మానుకున్నారు.

ఒక్క కాగితం ఇన్ని ఇళ్లలో ఇంత టెన్షన్ ఎలా పెట్టగలిగింది? ట్రంప్ స్వభావమే అంత అని ఊరుకుంటే సగమే అర్థమవుతుంది. అమెరికాలో మనవాళ్లు ఎక్కే మెట్లలో కొన్ని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసిన చట్టం మీద నిలబడ్డాయి. కొన్ని ప్రభుత్వ శాఖలు రాసుకున్న నిబంధనల మీద ఉన్నాయి. ఇంకొన్నిటికి ఒక మెమోయే ఆధారం. ఎక్కేవాళ్లకు మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏది చట్టమో, ఏది సంతకమో విడదీసి చూడకపోతే రోజూ వచ్చే వార్తల్లో ఏది నిజంగా భయపడాల్సిందో తెలుసుకోవడం కష్టం.

ముందు చట్టం సంగతి. ఇప్పుడున్న హెచ్‌-1బికి రూపం ఇచ్చింది 1990 ఇమిగ్రేషన్ చట్టం. అప్పటి అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్. ఏడాదికి 65,000 అన్న పరిమితి అప్పుడు పెట్టిందే. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లలోకి రాని రోజులవి. ఆ తర్వాత వై2కే వచ్చింది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత కోబాల్ ప్రోగ్రాములన్నీ 2000లోకి అడుగుపెట్టేలోపు సరిచేయాలి. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి అమెరికా విమానం ఎక్కిన తరం అదే. ఆ అవసరం కోసం కాంగ్రెస్ 1998లో పరిమితిని 1,15,000కి, 2000లో 1,95,000కి పెంచింది. రెండూ తాత్కాలికమే. 2003 చివరికి మళ్లీ 65,000 దగ్గరికే వచ్చింది. 2004లో అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000 కలిపారు. అంతే. ఆ 85,000 సంఖ్యను అప్పటి నుంచి కాంగ్రెస్ ముట్టుకోలేదు. స్మార్ట్‌ఫోన్, క్లౌడ్, ఏఐ అన్నీ ఈ మధ్యలోనే వచ్చాయి.

ప్రయత్నం జరగలేదని కాదు. 2013లో సెనేట్ ఒక పెద్ద ఇమిగ్రేషన్ బిల్లును 68-32 ఓట్లతో ఆమోదించింది. అది చట్టమైతే హెచ్‌-1బి పరిమితి 1,15,000తో మొదలై అవసరాన్ని బట్టి 1,80,000 దాకా వెళ్లేది. ప్రతినిధుల సభ దాన్ని ఓటింగుకే తీసుకోలేదు. కాంగ్రెస్ ఇలా చేతులు ముడుచుకుని కూర్చున్న ప్రతిసారీ ఆ ఖాళీలోకి అధ్యక్షుడి కలం వస్తుంది. ఒబామా కాలంలో ఆ కలం మనవాళ్లకు కలిసొచ్చే నిబంధనలు రాసింది. ట్రంప్ కాలంలో ఎదురు రాస్తోంది. కలం మాత్రం అదే. కాంగ్రెస్ చర్చ లేకుండా మనకు అనుకూలంగా వచ్చిన నిబంధనను పండగ చేసుకున్నవాళ్లు, అలాగే వచ్చిన వ్యతిరేక నిబంధనను అన్యాయం అని నిలదీయడం కష్టం.

అసలు లక్ష డాలర్లు వేసే అధికారం అధ్యక్షుడికి ఉందా? ప్రభుత్వం చూపిస్తున్నది 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోని 212(ఎఫ్) సెక్షన్. ఏ తరగతి విదేశీయుల రాక అయినా దేశ ప్రయోజనాలకు నష్టమని అధ్యక్షుడు భావిస్తే ఆ రాకను ఆపవచ్చు, షరతులు పెట్టవచ్చు అని దాని సారాంశం. కొన్ని ముస్లిం దేశాల మీద ట్రంప్ మొదటి పదవీకాలంలో పెట్టిన ప్రయాణ నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు 5-4తో నిలబెట్టింది కూడా ఈ సెక్షన్ మీదే. 2020 జూన్‌లో కొవిడ్ పేరుతో హెచ్‌-1బి రాకను ఆపినప్పుడు మాత్రం కాలిఫోర్నియాలో ఫెడరల్ జడ్జి జెఫ్రీ వైట్, కేసు వేసిన సంఘాల సభ్య కంపెనీల వరకు దానికి అడ్డుకట్ట వేశారు.

ఈసారి వ్యాపార సంస్థల సంఘం యూఎస్ చాంబర్ ఆఫ్ కామర్స్ వాషింగ్టన్‌లో కేసు వేసింది. దాని వాదన తేలిగ్గా తీసేయాల్సింది కాదు. హెచ్‌-1బికి ఎంత ఫీజు ఉండాలో కాంగ్రెస్ చట్టాల్లో రాసి పెట్టింది. ఇంత పెద్ద మొత్తం వసూలు చేయడం అంటే అది ఫీజు కాదు, పన్ను. పన్ను వేసే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చింది. అయినా 2025 డిసెంబర్ 23న జడ్జి బెరిల్ హోవెల్ ప్రభుత్వం వైపే తీర్పు ఇచ్చారు. ఆమెను నియమించింది ఒబామా. అదే ఏడాది ఒక లా ఫర్మ్ మీద ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వును కొట్టేసింది కూడా ఆమే. ఈ విధానం తెలివైనదా కాదా అన్నది కోర్టు తేల్చాల్సిన విషయం కాదని, కాంగ్రెస్ అధ్యక్షుడి చేతికి ఇచ్చిన అధికారమే అంత విశాలమైనదని ఆమె తీర్పు సారం. ఇతర రాష్ట్రాల్లో వేరే కేసులూ పడ్డాయి. అయితే ఆ తీర్పులో ఉన్న విషయం మనసుకు పట్టించుకోవాలి: తలుపు తాళం చెవిని 1952లోనే కాంగ్రెస్ అధ్యక్షుడికి అప్పగించింది. వెనక్కి తీసుకోవాలన్నా అదే తీసుకోవాలి.

ఇక రాజకీయం. రిపబ్లికన్లంతా ఈ వీసాకు వ్యతిరేకులు, డెమోక్రాట్లంతా అనుకూలురు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 2024 డిసెంబర్ చివరి వారంలో ఈ గొడవ ట్రంప్ ఇంట్లోనే రాజుకుంది. ఏఐ విధాన సలహాదారుగా చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను ట్రంప్ ఎంచుకున్నారు. గ్రీన్‌కార్డులకు దేశాలవారీ పరిమితి తీసేయాలని ఆయన అంతకుముందు పెట్టిన పోస్టును ట్రంప్ మద్దతుదారు లారా లూమర్ తవ్వి తీశారు. ట్రంప్ మాజీ సలహాదారు స్టీవ్ బానన్ వర్గం ఆమె వెనుక నిలబడింది. అవతలి వైపు ట్రంప్‌కు దగ్గరైన వ్యాపారవేత్తలు ఎలాన్ మస్క్, వివేక్ రామస్వామి. తాను అమెరికాలో ఉన్నదీ ఈ వీసా వల్లేనని మస్క్ వాదించారు. అమెరికన్ సంస్కృతే చదువులో రాణించేవాళ్లకు విలువ ఇవ్వడం లేదన్న రామస్వామి పోస్టుతో మంట ఇంకా పెరిగింది. ఆ సమయంలో ట్రంప్ ఈ వీసాలంటే తనకు ఇష్టమేనని చెప్పి మస్క్ పక్షాన ఉన్నట్టు కనిపించారు. తొమ్మిది నెలలకు లక్ష డాలర్ల ప్రకటన. దాని తర్వాత రెండు నెలలకు, 2025 నవంబర్‌లో ఫాక్స్ న్యూస్ ఇంటర్వ్యూలో, కొన్ని నైపుణ్యాలు అమెరికాలో లేవు కాబట్టి బయటి నుంచి తెచ్చుకోక తప్పదని మళ్లీ ఆయనే అన్నారు.

ఈ మాట మార్పులను నిలకడలేనితనంగా కాకుండా, ఆయన రెండు పక్షాలను మోయాల్సి రావడంగా చూస్తే లెక్క సరిపోతుంది. ఓట్లు ఒక పక్షానివి, టెక్ పెట్టుబడులు ఇంకో పక్షానివి. వీసా రద్దు చేస్తే రెండోవాళ్లు ఊరుకోరు, ఏమీ చేయకపోతే మొదటివాళ్లు ఊరుకోరు. లక్ష డాలర్ల ధర ఇద్దరి మధ్య కుదిరిన బేరం. వామపక్ష సెనేటర్ బెర్నీ శాండర్స్ కూడా 2025 జనవరిలో ఈ వీసా తక్కువ జీతాల కోసమే నడుస్తోందని విమర్శించారు. అంటే బానన్, శాండర్స్ ఒకే విషయం మీద ఒకే మాట అన్నారు. అమెరికా రాజకీయాల్లో ఇది అరుదు.

వాళ్ల ఫిర్యాదులో నిజం లేదా? ఉంది. 2015లో ఫ్లోరిడాలోని ఆర్లాండోలో డిస్నీ సంస్థ సుమారు 250 మంది టెక్ ఉద్యోగులను తీసేసింది. వాళ్లలో కొందరు వెళ్లేముందు తమ స్థానంలోకి వచ్చినవాళ్లకు పని నేర్పాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లు చేసిన పనిని కొత్తవాళ్లకు అప్పజెప్పి బయటికి నడిచిన మనిషి కోపాన్ని జాత్యహంకారం అని కొట్టిపారేయడం తప్పు. మన వైపు తప్పులూ దాచుకోకూడదు. పరిమితికి మించి దరఖాస్తులు వస్తే ఎవరికి అవకాశమో లాటరీ తీసి తేలుస్తారు. 2024 ఆర్థిక సంవత్సరం లాటరీకి అర్హమైన రిజిస్ట్రేషన్లు 7,58,994. ఒకే మనిషి పేరుతో నాలుగైదు కన్సల్టెన్సీలు వేసిన దరఖాస్తులు అందులో బోలెడు. ఎన్ని దరఖాస్తులున్నా మనిషికి ఒక్క అవకాశమే అన్న నిబంధన తేగానే మరుసటి ఏడాది సంఖ్య 4,70,342కి పడిపోయింది. ఆ తర్వాతి ఏడాది 3,43,981. పని లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టడం, రెజ్యూమెలో లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టించడం, జీతంలోంచి వీసా ఖర్చు మినహాయించుకోవడం మనవాళ్లకు తెలియని సంగతులు కావు. ఎక్కువగా నష్టపోయింది ఒక్క దరఖాస్తుతో నిజాయితీగా నిలబడ్డ మనవాళ్లే.

అయితే లక్ష డాలర్ల ఫీజు ఈ జబ్బుకు మందు కాదు. అసలు చిక్కు ఎక్కడుందంటే, హెచ్‌-1బి ఉద్యోగి ఏ కంపెనీలో చేరాలన్నా ఆ కంపెనీ పిటిషన్ వేయాలి. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి దొరకాలి, లేదంటే సర్దుకోవాలి. మెడ మీద ఈ కత్తి ఉన్న మనిషి జీతం పెంచమని గట్టిగా అడగలేడు. అతనికి తక్కువ ఇవ్వగలిగిన కంపెనీ, పక్క సీటు అమెరికన్‌కూ ఎక్కువ ఇవ్వదు. ఇద్దరికీ మేలు చేసే మార్పు కంపెనీ మారే స్వేచ్ఛను పెంచడం. ఫీజు దాన్ని ముట్టుకోదు. పైగా లక్ష డాలర్లు పెట్టి తెచ్చుకున్న కంపెనీ ఆ మనిషిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఫీజు నిజంగా ఎవరి మీద పడుతుందో చూద్దాం. పెద్ద టెక్ కంపెనీలు కావాలంటే కడతాయి, లేదంటే పనిని హైదరాబాద్‌లోని తమ ఆఫీసుకు పంపుతాయి. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు లేస్తున్న టవర్లు అందుకు సిద్ధంగానే ఉన్నాయి. నలిగిపోయేది చిన్న ఊళ్ల ఆస్పత్రులు, స్కూళ్లు. ఉస్మానియాలోనో గుంటూరులోనో కాకినాడలోనో ఎంబీబీఎస్ చేసి అమెరికాలో రెసిడెన్సీకి (ఆస్పత్రిలో శిక్షణకు) వెళ్లే డాక్టర్‌ను తీసుకోండి. మొదటి ఏడాది రెసిడెంట్ జీతం లక్ష డాలర్ల కన్నా బాగా తక్కువ. డాక్టర్ ఏడాది జీతం కన్నా అతన్ని రప్పించే ఫీజే ఎక్కువన్నమాట. లాటరీ, పరిమితి వర్తించని యూనివర్సిటీలు, లాభాపేక్షలేని ఆస్పత్రులకు కూడా ఈ ఫీజు నుంచి దానంతట అది మినహాయింపు లేదు. దేశ ప్రయోజనం కింద ఒక్కొక్క కేసూ విడిగా అడుక్కోవాలి. అమెరికా డాక్టర్ల సంఘాలు మినహాయింపు కోసం రాసిన ఉత్తరాల వెనుక ఉన్నది ఈ లెక్కే. కొత్త డాక్టర్ రాకపోతే దాని భారం ట్రంప్‌కు ఓటేసిన పల్లె జిల్లాల రోగుల మీదే ముందుగా పడుతుంది.

2025 అక్టోబర్ 20న యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే శాఖ) ఇచ్చిన మార్గదర్శకాలు మన విద్యార్థులకు పెద్ద ఊరట. అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా ఎఫ్‌-1 నుంచి హెచ్‌-1బికి మారేవాళ్లకు లక్ష డాలర్లు వర్తించదని అందులో ఉంది. ఎంఎస్ చేసి అక్కడే ఉద్యోగం వెతుక్కునే తెలుగు పిల్లల్లో చాలామంది ఈ గొడుగు కిందికి వస్తారు. కానీ ఇది చట్టం కాదు, నిబంధన కూడా కాదు. ఒక శాఖ తన వెబ్‌సైట్‌లో పెట్టిన మాట. ఆ మాట మార్చడానికి కాంగ్రెస్ అక్కర్లేదు.

ఇంతలో రెండో చేత్తో ఇంకో మార్పు వచ్చింది. లాటరీలో అందరికీ సమాన అవకాశం ఉండే పద్ధతి తీసేసి, జీతం స్థాయిని బట్టి చీట్లు వేసే నిబంధనను 2025 డిసెంబర్‌లో ఖరారు చేశారు. ఒక ఉద్యోగానికి ఒక ప్రాంతంలో నాలుగు వేతన స్థాయిలు ఉంటాయి. ఒకటో స్థాయికి ఒక చీటీ, నాలుగో స్థాయికి నాలుగు. హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ ప్రతిపాదన సమయంలో వేసిన అంచనా ప్రకారమే, ఒకటో స్థాయి వాళ్ల అవకాశం దాదాపు 30 శాతం నుంచి 15 శాతానికి పడిపోతుంది. నాలుగో స్థాయి వాళ్లది 61 శాతానికి చేరుతుంది. చదువు ముగించుకుని మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లవాడు ఉండేది ఒకటో స్థాయిలో, బాగుంటే రెండో స్థాయిలో. ఒక నిబంధన విద్యార్థికి దారి ఇస్తుంటే మరొకటి అదే విద్యార్థిని వెనక్కి నెడుతోంది. రెండూ ఒకే ప్రభుత్వానివి. విధానం ఒక్కటిగా ఆలోచించి చేసి ఉంటే ఇలా ఉండదు.

ఇప్పుడు అప్పు లెక్క దగ్గరికి వద్దాం. 2024-25లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. ఏ దేశం నుంచీ ఇంతమంది లేరు. ఇందులో తెలుగు పిల్లలు ఎందరో మన వీధిలో నాలుగిళ్లు చూస్తేనే తెలుస్తుంది. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి ఎంఎస్‌కు పంపే తండ్రి లెక్క ఇలా ఉంటుంది: చదువు రెండేళ్లు, ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) అయితే ఇంకో రెండేళ్లు, ఆలోగా మూడుసార్లు లాటరీ, ఒక్కసారైనా తగలకపోతుందా. ఈ లెక్కలో చట్టం ఎంత? ఓపీటీని పుట్టించింది ప్రభుత్వ శాఖ నిబంధనే. స్టెమ్ పొడిగింపు 2008లో బుష్ ప్రభుత్వం 17 నెలలుగా మొదలుపెట్టింది, 2016లో ఒబామా ప్రభుత్వం 24 నెలలు చేసింది. ఒక నిబంధనను ఇంకో నిబంధన కొట్టేయగలదు. కొంత సమయం, నోటీసు, అభ్యంతరాల దశ ఉంటాయి గానీ కాంగ్రెస్ ఓటు అవసరం లేదు. అంటే 40, 50 లక్షల అప్పుకు హామీగా నిలిచిన మెట్లలో చట్టం రాసిచ్చింది 85,000 సంఖ్య ఒక్కటే. అప్పు తీసుకోవద్దని కాదు. ఏ మెట్టు ఎంత గట్టిదో కన్సల్టెన్సీ చెప్పదు, లోన్ ఏజెంటూ చెప్పడు. కుటుంబమే తెలుసుకుని దిగాలి.

భార్యాభర్తల జీవితానికీ ఇదే కథ. హెచ్‌-4 (హెచ్‌-1బి ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న జీవిత భాగస్వామి ఉద్యోగం చేసుకునే అనుమతి 2015లో ఒబామా ప్రభుత్వం రాసిన నిబంధన. దాని మీద పదేళ్లు కోర్టులో పోరాటం నడిచి, 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించడంతో నిలబడింది. ఊపిరి పీల్చుకునేలోపే, అదే నెల 30న, అనుమతి రెన్యువల్ పెండింగ్‌లో ఉన్నా పని కొనసాగించుకునే వెసులుబాటును తీసేశారు. కార్డు సమయానికి రాకపోతే ఉద్యోగం ఆపాల్సిందే. ఇద్దరి జీతం చూసి ఇల్లు కొన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకోవడం అయితే మొత్తం కలం పనే. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్‌-1బి, హెచ్‌-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా పరిశీలన మొదలైంది. భారత్‌లో ఆ నెలకు ఉన్న ఇంటర్వ్యూలను మార్చికి, అంతకు మించి కూడా వాయిదా వేశారు. పెళ్లికనో, అమ్మకు బాగోలేదనో పది రోజుల సెలవు మీద వచ్చి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ తేదీ మారిపోయిందని మెయిల్ చూసుకున్నవాళ్ల పరిస్థితి ఊహించండి. పిల్లల బడి అక్కడ, అద్దె అక్కడ, మేనేజర్ అక్కడ. మనిషి మాత్రం ఇక్కడ. అంతకుముందు మరో దేశం వెళ్లి స్టాంపింగ్ చేయించుకునే దారి ఉండేది. 2025 సెప్టెంబర్‌లో దాన్నీ మూసేశారు.

ఇంతవరకు కలం చేసిన చెరుపు. చట్టమే చేస్తున్న చెరుపు వేరే ఉంది. ఏ అధ్యక్షుడు వచ్చినా అది కదలదు. 1990 చట్టం ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులకు ఏడాదికి 1,40,000 అని గీత గీసింది, భార్యాభర్తలు, పిల్లలతో కలిపి. ఏ దేశానికైనా అందులో ఏడు శాతమే. ఐస్‌లాండ్‌కూ అంతే, భారత్‌కూ అంతే. 2025 చివర్లో ఈబీ-2 (పై చదువులున్న ఉద్యోగుల) విభాగంలో భారతీయులకు నడిచింది 2013 నాటి ప్రయారిటీ డేట్, అంటే 2013లో వరుసలో చేరినవాళ్ల వంతు. ఆ ఏడు శాతం తీసేసే బిల్లును 2019 జూలైలో ప్రతినిధుల సభ 365-65తో ఆమోదించింది. 2020 డిసెంబర్‌లో సెనేట్ కూడా మార్పులతో ఏకగ్రీవంగా ఒప్పుకుంది. రెండు సభలూ ఆమోదించిన వేర్వేరు రూపాలను ఒక్కటి చేసే పని మిగిలింది. ఆ పని జరగకుండానే 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ కాలం ముగిసింది, బిల్లూ పోయింది. ఇంత దగ్గరగా మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఈ వరుసలో నిలబడ్డ కుటుంబంలో అందరికన్నా ముందు గడువు తీరేది పిల్లలకు. హెచ్‌-4 మీద రెండేళ్ల వయసులో డల్లాస్‌కో న్యూజెర్సీకో వచ్చిన పాప అక్కడే అక్షరాలు దిద్దింది, అక్కడే హైస్కూల్ ముగించింది. తండ్రి ప్రయారిటీ డేట్ ఇంకా రాలేదు. ఆమెకు 21 ఏళ్లు నిండిన రోజు చట్టం లెక్కలో ఆమె ఆ ఇంటి పిల్ల కాదు. ఇలాంటి పిల్లల రక్షణ కోసం 2002లో చేసిన చట్టం వయసు లెక్కలో కొంత మినహాయింపు ఇస్తుంది గానీ, ఇంత పొడవైన వరుసకు అది సరిపోదు. ఆ అమ్మాయి అమెరికాలో ఉండాలంటే ఎఫ్‌-1 తీసుకోవాలి. పెరిగిన ఊళ్లోని యూనివర్సిటీలోనే ఇంటర్నేషనల్ స్టూడెంట్‌గా పేరు రాయించుకుని, తర్వాత ఓపీటీ, ఆ తర్వాత లాటరీ. ఇరవై ఏళ్ల కిందట తండ్రి నిలబడ్డ వరుస చివర ఇప్పుడు కూతురు నిలబడుతుంది.